కారణము లేని ప్రయాణము

మన భాషలో యాత్రాగ్రంథములకు కొదవ లేదు. కాశికి పోయినవారు వ్రాసిరి. సీమకు పోయినవారు వ్రాసిరి. హిమాలయములకు పోయినవారును వ్రాసిరి. ఆ గ్రంథములను, వానితోపాటు మన నవలలలోని ప్రయాణములను వరుసగా ముందుంచుకొని చూచినచో ఒక విశేషము కానవచ్చును. పురుషుడు బయలుదేరినప్పుడు ఎక్కడికని మాత్రమే అడుగుదురు. స్త్రీ బయలుదేరినప్పుడు ఎందులకని అడుగుదురు. ఈ రెండవ ప్రశ్నకు మన సమాజము అంగీకరించు సమాధానములు వ్రేళ్లమీద లెక్కింపదగినవి: పుణ్యమునకు, పురిటికి, పెండ్లికి, పరామర్శకు, వైద్యమునకు. వీనిలో చేరని ప్రయాణమునకు తిరుగుడని పేరు. తల్లియు కూతురును కలిసి చలికాలమున నాలుగు దినములు మహానగరమునకు పోయి, చూడదగినవి చూచి, వినదగినవి విని, ఊరక సంతోషించి యిల్లు చేరుట యను చిన్న విషయమునకు మన సాహిత్యమున చోటేది? ఆ చోటు లేకపోవుటకు హేతువేమి? ఈ సంగతి నిచట విచారింపదలచితిమి.

మొదట ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్ర చరిత్రమును తీసికొందము. చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో ద్విభాషిగా నుండిన ఈయన 1830 మే 18వ తేదీన బయలుదేరి, 1831 సెప్టెంబరు 3వ తేదీకి మరల ఇల్లు చేరిరి. ఆయన వ్రాసిన సంగతులను మిత్రులైన కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్లగారు 1838లో అచ్చువేయించిరి. తెలుగు వచనమునకు ఈ గ్రంథము చేసిన మేలు గొప్పది. ఏ మజిలీలో నీళ్లు మంచివో, ఏ ఊర అంగళ్లున్నవో, ఏ నదిని ఎట్లు దాటవలెనో ఆయన కన్ను విడువలేదు. ఐనను ఆ పరివారమున ఇంటి ఆడువారును ఉండిరి. ఆ దారులే వారును నడచిరి. ఆ నదులే వారును దాటిరి. పదునైదు మాసములలో వారు కన్నదేమి, విన్నదేమి, ఒకరితో నొకరు చెప్పుకొన్నదేమి యని చూచినచో గ్రంథము మౌనము వహించుచున్నది. ఇది గ్రంథకర్త దోషమని మేమనము. ఆ కాలమున ఎవరికిని తోచెడి ప్రశ్న కాదది. కాని ఆ మౌనము అక్కడితో ఆగక సంప్రదాయమైనది. మా ఫిర్యాదంతయు ఆ సంప్రదాయముపైననే.

తరువాత వీరేశలింగము పంతులుగారి రాజశేఖర చరిత్రమును చూతము. 1878లో పత్రికలో వెలువడి 1880లో పుస్తకమైన ఈ నవలలో తల్లియు కూతుండ్రును ప్రయాణము చేయుచున్నారు. కాని ఎప్పుడు? ఇంటి యజమానుని ధనమంతయు ముఖస్తుతిపరుల పాలై, ఊరిలో తల యెత్తుకొని తిరుగుటకు వీలు లేనప్పుడు. పేరునకది కాశీయాత్ర, నిజమునకు అది ఆపద. దారిలో దొంగలు పడుదురు. పెద్దకూతురు రుక్మిణి చచ్చినదని తలచి విడిచిపోవుదురు. బ్రదికిన ఆ బాలిక ఒంటరిగా నడువవలసి వచ్చినప్పుడు పురుషవేషము ధరించవలసి వచ్చినది. స్త్రీవిద్యకొరకు, వితంతువుల కొరకు జీవితమును ధారపోసిన మహనీయుని నవలలోనే, ఆడుది ఆడుదానివలె త్రోవ నడుచుట సాధ్యము కాలేదు. కాలము అట్టిదని సమాధానము చెప్పుకొనవచ్చును. ఆ కాలమెట్టిదో ఆ కథయే మనకు సత్యముగా చెప్పినది గనుక దానికి కృతజ్ఞులమై యుండవలెను.

దాదాపు ఆ దినములలోనే పోతము జానకమ్మగారను చెన్నపట్టణపు వనిత ఇంగ్లండునకు పోయి, అచ్చటి వింతలను తెలుగున వ్రాసి, ఆంగ్లమున 1876లో ప్రకటించిరి. కన్నది తన కంటితో కని, తన మాటతో చెప్పిన స్త్రీ అంత తొలినాళ్లలోనే మనకు కలదు. ఆమె బాట రాజబాట కావలసినది. కాలేదు. తెలుగు పాఠకలోకము ఆమెను చాలకాలము మరచినది.

ఇక 1927లో వచ్చిన చలముగారి మైదానమున నాయిక ఇల్లు విడిచి బయటికి వచ్చి, ఆకాశమును ఇసుకను ఏటినీటిని చూచి పరవశించినది. ఆ పరవశము తెలుగు వచనమునకు క్రొత్తది. కాని ఆ నడక ఒక పురుషుని వెంట నడచినది, తిరిగి రాని నడక. ఇట్లు మన సాహిత్యమున స్త్రీకి రెండు గతులు ఏర్పడినవి. ఒకటి, ఇల్లు కదలకుండుట. రెండవది, కదలినచో తిరిగి రాకుండుట. ఈ రెంటి నడుమ పోయి వచ్చుట యను సామాన్యమైన, సుఖమైన, లోకములోని మగవారందరును దినదినము చేయుచున్న పని యున్నది. దానికే గ్రంథము లేదు. సాహసముకంటె ఈ సామాన్యమే స్వాతంత్ర్యమునకు నిజమైన గురుతని మా యభిప్రాయము. ఇల్లు విడిచిపోయిన స్త్రీని నిందించుటకో పొగడుటకో లోకము సిద్ధముగా నుండును. పోయి నవ్వుచు తిరిగివచ్చిన స్త్రీని ఏమి చేయవలెనో దానికి తోచదు.

సంస్కారప్రియులైన మన పత్రికలును ఈ విషయమున పూర్తిగా నిర్దోషులు కావు. స్త్రీలు చదువవలెను, ఏలననగా బిడ్డలు బాగుపడుదురు; స్త్రీలు సభలకు పోవలెను, ఏలననగా దేశము బాగుపడును; ఇట్లు ప్రతి మేలునకును ఒక ప్రయోజనమును తోకగా తగిలించి గాని సంస్కర్తలు స్త్రీకి ఏదియు ఇప్పింపలేకపోయిరి. ప్రతిపక్షులతో వాదించునప్పుడు అది యుక్తియే. దానివలన ఫలములును కలిగినవి. మన నెల్లూరు మండలమున పొణకా కనకమ్మగారు 1923లో కస్తూరిదేవి విద్యాలయమును నెలకొల్పిరి. చెన్నపట్టణమున దుర్గాబాయిగారు 1937లో ఆంధ్ర మహిళాసభకు అంకురార్పణ చేసిరి; ఆమె తల్లి కృష్ణవేణమ్మగారును దేశసేవలో పాలుపంచుకొన్నవారే. తల్లీకూతుండ్రు కలిసి వీథిలోనికి వచ్చుటకు దేశసేవ త్రోవ చూపినది. ఇదంతయు స్మరణీయము. కాని దేశముకొరకు బయటికి వచ్చుటకు లభించిన అనుమతి, తనకొరకు బయటికి వచ్చుటకు నేటికిని లభించలేదు. ఉపయోగమను కొలబద్దతో కొలిచినంతకాలము స్త్రీ సుఖము లెక్కకు రాదు.

ఈ మాట సత్యమగునో కాదో పరీక్షించుటకు పశ్చిమ నెల్లూరుసీమకు రండు. ఉదయగిరి దుర్గము క్రింద వెలసిన ఊరు. కొయ్యతో గరిటెలును చెంచాలును చెక్కుటలో పేరుపొందినది. ఆ పనిలో స్త్రీల చేతులు అనేకము. ఆత్మకూరు పెన్నకు చేరువనున్న పట్టణము. దాని కెగువను సోమశిల జలాశయము. నేలయంతయు మెట్ట, వాన మొగము చూచి బ్రదుకు నేల. ఇచ్చటి స్త్రీలు ప్రయాణమెరుగనివారా? కానేకారు. రోగము వచ్చినప్పుడు వేలూరికి, చెన్నపట్టణమునకు పోవుచున్నారు. కూతురి పరీక్షకు పరాయి ఊరు పోయి, పరీక్ష ముగియువరకు చెట్టుక్రింద కూర్చుండుచున్నారు. అంతకంటె దూరము: నెల్లూరు, కడప జిల్లాలనుండి ఎందరో స్త్రీలు ఇండ్లలో పనిచేయుటకు ఒంటరిగా కువైట్టునకు పోవుచున్నారు. ఎరుగని భాష, ఎరుగని యజమాని, సముద్రమునకావలి దేశము. ఆమెను విమానమెక్కించి వచ్చునప్పుడు, వెంట మగదిక్కెవరని ఎవరును అడుగరు. అదే స్త్రీ తిరిగివచ్చి, తాను సంపాదించిన ధనములో కొంత తీసి, కూతుతో నాలుగు దినములు చెన్నపట్టణము చూచి వచ్చెదనన్నచో, ఇంటిల్లిపాదియు ఏకకంఠముగా ఆ ప్రశ్న నడుగుదురు. కష్టమునకు అక్కరలేని మగదిక్కు సుఖమునకు ఏల కావలసివచ్చెను? చదువరులు నిదానించి ఆలోచింతురు గాక.

ధనము చాలదను ఆక్షేపణ నిజమే గాని, అది సగము సమాధానమే. 2025 ఆగస్టు 15వ తేదీనుండి ఆంధ్రప్రదేశమున స్త్రీశక్తి యను పథకముచే స్త్రీలు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ మొదలగు బస్సులలో టిక్కెట్టు సొమ్ము లేకుండ రాష్ట్రములోపల తిరుగవచ్చును. నెల్లూరువరకు ఆ బస్సు. అక్కడినుండి చెన్నపట్టణమునకు రైలు. చార్జీ తొలగిపోయినది గదా, అడ్డంకి తొలగినదా? బస్సు వాకిటికి వచ్చినను మెట్టు దిగుటకు అనుమతి కావలెను. ఆ అనుమతి ఏ ప్రభుత్వమును ముద్రవేసి ఈయజాలదు.

వంట యెవరు చేయుదురనుట రెండవ ఆక్షేపణ. ధనుర్మాసము గదా, వాకిట ముగ్గు ఎవరు వేయుదురనుట మూడవది. మేము మరియొక రీతిగా చెప్పెదము: ధనుర్మాసమే తగిన సమయము. ఆ నెలలో పెండ్లిండ్లు లేవు, పిలుపులు లేవు. సంక్రాంతికింకను వ్యవధి యున్నది. తల్లి ముగ్గు వేయుటకు ఎరుగును గాని ఇతరుల ముగ్గు తీరికగా నిలుచుండి చూచుట ఎరుగదు. మైలాపూరు వీథులలో ఆ నెల తెల్లవారుజామున నడచిపొండు: ఇంటింటి ముందర ముగ్గులే. తన చేతిపని ఒక కళయని ఆ యిల్లాలికి ఇంతవరకు ఎవరును చెప్పలేదు. పరాయివారి వాకిట చూచినప్పుడు తనకే తెలియవచ్చును. నాలుగుదినములు ఇంటివారు తమ యన్నము తాము వండుకొన్నచో ఆ యింటికి కలుగు జ్ఞానమును వేరుగ లెక్కవేయవలసియుండును.

ఐతే అట్టి ప్రయాణమున సాహిత్యమునకు తగిన వస్తువేమున్నదని అడుగవచ్చును. వస్తువు సమృద్ధిగా నున్నది. ఒకటి రెండు చూపుదము. కృష్ణదేవరాయలు 1514లో ఉదయగిరిని గజపతులనుండి జయించి, అచ్చటి బాలకృష్ణ విగ్రహమును విజయనగరమునకు కొనిపోయి గుడి కట్టించి ప్రతిష్ఠించెను. తరువాత ఆ విగ్రహము చెన్నపట్టణపు ప్రభుత్వ ప్రదర్శనశాలకు చేరినది. 1851లో స్థాపింపబడిన ఆ ఎగుమూరు ప్రదర్శనశాలలోనే అమరావతి స్తూపపు సున్నపురాతి శిల్పములును ఉన్నవి. ఉదయగిరి తల్లి ఉదయగిరి బాలకృష్ణుని పేరును ఎగుమూరులో వినుట ఎట్టి సన్నివేశము! రాజు ప్రయాణమును శాసనములు చెప్పినవి. రాతిబొమ్మ ప్రయాణమునకును చరిత్ర యున్నది. ఆ కొండక్రిందనే పుట్టి పెరిగిన ఆడుదాని ప్రయాణమునకు మాత్రము ఒక్క పుట లేదు.

మరియొకటి. 1927 డిసెంబరులో చెన్నపట్టణమున జరిగిన కాంగ్రెసు మహాసభతోపాటు జరిగిన సంగీత సదస్సు ఫలముగా మ్యూజిక్ అకాడమీ ఏర్పడినది. నాటినుండి ఆ నగరమున డిసెంబరు మాసము కచేరీల మాసమైనది. అరవనాట, అరవ శ్రోతల నడుమ, వేదికపైనుండి వినవచ్చు త్యాగరాజ కృతి తెలుగు. రాగము పేరు చెప్పగలవారు ఆ సభలో నూర్గురుండవచ్చును. పల్లవిలోని మొరను తన యింటి మాటగా వినగలుగునది ఆత్మకూరునుండి వచ్చిన ఆ తల్లి. చదువుకొన్న కూతురికి ఆ క్షణమున తల్లి గురువగును. ఈ నగరముననే జయమ్మాళు పాడగా ఆమె కూతురు బాలసరస్వతి క్షేత్రయ్య పదములకు అభినయము పట్టినది. తల్లి నోట తెలుగు, కూతురి చేత భావము. తల్లీకూతుండ్ర బంధము వంటింటికి మాత్రమే చెందినది కాదని చెప్పుటకు ఇంతకంటె నిదర్శనమేమి కావలెను?

మూడవది. నెల్లూరు జిల్లాకు ఎవరి పేరు పెట్టిరో ఆ పొట్టి శ్రీరాములుగారు 1952 అక్టోబరు 19న నిరశన మారంభించి డిసెంబరు 15న ప్రాణములు విడిచినది ఈ నగరముననే. రాయపేట పెద్దవీథిలో ఆయన స్మారకభవన మున్నది. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రము ఏర్పడగా, నిన్నటివరకు రాజధానియైన పట్టణము నెల్లూరువారికి పొరుగు రాష్ట్రమైనది. తల్లి తన పెద్దలవలన విన్న చెన్నపట్టణము వేరు, కూతురు చూచు చెన్నై వేరు. ఒకే వీథిలో ఇద్దరును రెండు నగరములను చూచుచుందురు. ఆ రెండు చూపులను ఒక్క వాక్యములో పట్టగల రచయిత్రికై మన వచనము వేచియున్నది.

అన్నింటికంటె ముఖ్యమైనది వేరొకటి కలదు. ఇంటిలో తల్లి కూతురికి కట్టుబాట్ల కావలికత్తె. ఎక్కడికి పోయితివి, ఏల ఆలస్యమైనది, ఆ చీర యేమి, ఆ నవ్వేమి యని అడుగువలసిన భారమును సంసారము ఆమె నెత్తిన పెట్టినది. పరాయి నగరమున ఆ భారము జారిపోవును. అచ్చట దారి తెలిసినది కూతురు. చేయి పట్టుకొని వీథి దాటునది తల్లి. సముద్రపుటొడ్డున చీర కుచ్చెళ్లు తడిపికొని తల్లి పకపక నవ్వినప్పుడు, ఈమె నాకు తల్లి కాకమునుపు ఒక బాలికగా నుండెనని కూతురికి మొదటిసారి తోచును. ఈ ఎరుక బోధలవలన కలుగదు. కొన్ని దినములు ఇల్లు కనుమరుగు కావలెను.

ఇటీవల యాత్రావ్యాసములు విరివిగా వచ్చుచున్నవి, స్త్రీలును వ్రాయుచున్నారు. సంతోషమే. కాని వానిలో పెక్కింటియందు ఎక్కిన బండి, దిగిన బస, తిన్న ఫలహారము, కొన్న చీర, తీసికొన్న ఛాయాచిత్రము, ఇవి వరుసగా వచ్చి ముగిసిపోవుచున్నవి. చూచిన స్థలముల పట్టికకు వ్యాసమని పేరు పెట్టినచో వ్యాసము కాజాలదు. ప్రయాణము రైలెక్కుటతో మొదలు కాదు. పోయి వచ్చెదనని ఇంటిలో నోరు తెరిచిన దినమున మొదలగును. ఆ మాట యెవరితో ముందు చెప్పిరి, ఎవరు ముఖము చిట్లించిరి, సొమ్ము ఎవరి సొమ్ము, ఆ నాలుగు దినములు ఇంటిని గూర్చిన బెంగ ఎన్ని మారులు ఫోనులో మ్రోగినది, తిరిగివచ్చిన పిదప ఇల్లు ఏ ముఖముతో ఎదుర్కొన్నది? ఇవి వ్రాయుటకు మన రచయిత్రులు సంకోచించుచున్నారు. ఇంటి గుట్టు బయటపడునని జంకు. ఈ జంకు వదలనంతకాలము ఆ వ్యాసములు దారిచూపు పుస్తకములు కావచ్చును గాని సాహిత్యము కాజాలవు.

ఒక చిన్న వ్యాసము వ్రాసినంతమాత్రమున లోకము మారునా యని నవ్వువారికి ఈ సీమయే సమాధానము చెప్పగలదు. ఉదయగిరి ప్రాంతములోనిదే కలిగిరి మండలము. అందలి గ్రామము దూబగుంట. అక్షరాస్యతా ఉద్యమ దినములలో రాత్రిబడి వాచకమున సీతమ్మ కథ యను పాఠము వచ్చినది. ఒక ఊరి ఆడువారు కూడి సారాయంగడిని మూయించిన కథ అది. చదివిన స్త్రీలు తామును అట్లే చేసిరి. దూబగుంట రోశమ్మ మొదలగువారు లేవదీసిన ఆ మాట 1992నాటికి జిల్లా యంతటను వ్యాపించి, సారా వేలముపాటలను ఆపించి, 1993 అక్టోబరు 1వ తేదీన రాష్ట్రమంతటను సారా నిషేధమునకు దారితీసినది. తరువాత ఆ స్త్రీలే దినమునకొక రూపాయి దాచి పొదుపు సంఘములు పెట్టుకొనిరి. వాచకములోని ఒక పాఠము ఇంత చేసినది. పుస్తకములో కనబడిన పని చేయదగిన పనిగా తోచుట మనుష్యస్వభావము. ఐతే ఆనాడును ఆ తల్లులు బయటికి వచ్చినది దుఃఖమువలననే; తాగివచ్చు మగని బాధ వారిని బజారునకు తెచ్చినది. వారి కూతుండ్రనైనను, మనుమరాండ్రనైనను సంతోషము బజారునకు తేగలదా? అది నేటి సాహిత్యము మోయవలసిన బరువు.

పేదయింటి స్త్రీకి నాలుగు దినముల కూలి పోవుట నాలుగు దినముల అన్నము పోవుటయని మేము మరువలేదు. ఆమెకు యాత్రావ్యాసము చూపి ఆశపెట్టుట క్రూరము. కాని ఆమెకు కూలి చాలదని చెప్పు నోరే, సంపన్నగృహపు స్త్రీకి అనుమతి లేదని చెప్పుచున్నది. రెండు చోట్లను ఆమె కాలము ఆమెది కాదు. కూలి పెరుగవలెనని అడుగుట ఎంత న్యాయమో, కాలము తనదని అడుగుటయు అంతే న్యాయము.

కావున మా కోరిక స్వల్పము. ఉదయగిరినుండియో ఆత్మకూరునుండియో ఒక తల్లియు కూతురును వచ్చు ధనుర్మాసమున చెన్నపట్టణమునకు పోవుదురు గాక. మ్రొక్కుబడి యని చెప్పవద్దు. వైద్యుని చూడవలెనని చెప్పవద్దు. తిరిగివచ్చి ఇద్దరును చెరియొక వ్యాసము వ్రాసి ఏ పత్రికకైనను పంపుదురు గాక. రెండింటిలో ఏది పొందికగా నున్నదని విమర్శకులు తరువాత తేల్చుకొందురు. తెలుగువారు వాకిలి దాటునప్పుడు పోవుచున్నానని అనరు. పోయి వచ్చెదనని అందురు. ఆ మాటలో తిరిగివచ్చెదనను హామీ ముందే యున్నది. ఆ హామీని నమ్మి, కారణమడుగక, తలుపు తీయుట ఇంటివారి వంతు.